చిటికెడు బియ్యం, వేలెడు నేల: జావా పల్లెలో ఆస్తికి కాపలా ఎవరు?

రాత్రి పదకొండు దాటాక ఇండోనేసియాలోని జావా దీవిలో, మధ్య జావాలోని ఏదో ఒక వరి పల్లెలో నడుస్తున్నామనుకోండి. ఇంటింటి గుమ్మం పక్కన, లేదా కంచె రాటకు, ఒక చిన్న డబ్బా వేలాడుతూ కనిపిస్తుంది. పాత పాలపొడి డబ్బా కావచ్చు, కోసిన వెదురు బొంగు కావచ్చు. ఆ ఇంటి ఇల్లాలు పొద్దుగూకే వేళ వేసిన చిటికెడు బియ్యం అందులో ఉంటాయి. కాసేపటికి నలుగురైదుగురు మగవాళ్ళు వస్తారు. మెడచుట్టూ చలికి కప్పుకొన్న లుంగీ, ఒకరి చేతిలో టార్చిలైటు, ఇంకొకరి చేతిలో సంచి. డబ్బాలోని బియ్యం సంచిలోకి ఒంపుకొని, ఖాళీ డబ్బా మళ్ళీ తగిలించి, పక్కింటికి సాగిపోతారు. వాళ్ళు ఆ రాత్రి వంతు పడిన గస్తీవాళ్ళు. ఈ బియ్యాన్ని జావా భాషలో 'జింపితన్' అంటారు. జింపిత్ అంటే వేళ్ళ కొసలతో చిటికెడు పట్టడం.

ఈ ఏర్పాటులోని తెలివి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. బియ్యం కావాలంటే గస్తీవాళ్ళు ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. ఆగారంటే తలుపు వేసి ఉందో లేదో చూస్తారు, కొట్టంలో పశువు కదలిక వింటారు, లోపల ఎవరైనా మూలుగుతుంటే వినిపిస్తుంది. రోజూ నిండే డబ్బా ఒక రాత్రి ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో ఏదో బాగాలేదని తెలిసిపోతుంది. పోగైన బియ్యం అమ్మి వచ్చిన డబ్బు వీధి దీపాలకో, చావు ఖర్చుకో, జబ్బుపడినవారికో వెళ్తుంది. కాపలా కాసేవాడూ, కాపలా ఖర్చు పెట్టేవాడూ, ఆ డబ్బుతో గట్టెక్కేవాడూ ఒక్కరే.

జావా పల్లెను కొందరు సామరస్యం నిండిన స్వర్గంగా వర్ణించారు. ఇంకొందరు ఇరుకు నేల మీద పేదరికాన్ని పంచుకు తింటున్న జనంగా చూశారు. ఆ రెండు బొమ్మల్లోనూ కొంత నిజం ఉంది కానీ అసలు ముడి వాటికి చిక్కదు. అక్కడ ఆస్తి ఎవరిది అన్న ప్రశ్నకూ, ప్రాణానికి పూచీ ఎవరు అన్న ప్రశ్నకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. ఒక పొలంలో ఎంతమందికి వాటా ఉంటే ఆ పొలానికి అంతమంది కావలివాళ్ళు. ఆ వాటా తెగిన ప్రతి చోటా భయం మొలిచింది. ఆ తెగిన చోట్లను ఒక్కొక్కటిగా చూస్తేనే ఆ పల్లె అర్థమవుతుంది.

ముందు కొలతలు చెప్పుకోవాలి. జావా మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపిన విస్తీర్ణంలో సగం కూడా ఉండదు. 2020 జనగణన ప్రకారం అక్కడి జనాభా 15 కోట్ల పైచిలుకు. నిప్పుకొండల బూడిదతో బలిసిన నేల, ఏడాదికి రెండు మూడు పంటలు పండే వరి మళ్ళు అంతమందిని మోస్తున్నాయి. ఊరిని వాళ్ళు 'దేసా' అంటారు. అది మన 'దేశం' అన్న సంస్కృత పదమే. నేల 'బుమి', ప్రాణం 'జివ', ఆస్తి 'హర్త'. భూమి, జీవం, అర్థం మనకు ఎలా వచ్చాయో వాళ్ళకూ అలాగే వెళ్ళాయి. వరి దేవత పేరు దేవి శ్రీ. ఈ మాటల చుట్టరికం చూసి అక్కడి పల్లె మన పల్లె లాంటిదే అనుకుంటే మాత్రం పొరపాటు పడతాం. ఆస్తి దగ్గరే దారులు వేరవుతాయి.

పొలం ఉంటే వెట్టి ఉంది

19వ శతాబ్దపు జావా పల్లెలో ఊరివాళ్ళందరూ ఒక వరసలో ఉండేవారు కాదు. పొలం, ఇల్లు, పెరడు మూడూ ఉన్నవారు పై వరస. ప్రాంతాన్ని బట్టి వాళ్ళను గొగొల్ అనీ, సికెప్ అనీ, కులి కెంచెంగ్ అనీ పిలిచేవారు. ఇల్లూ పెరడూ ఉండి పొలం లేనివారు రెండో వరస. ఇంకొకరి పెరట్లో గుడిసె వేసుకున్నవారు ఆ కిందివారు. 'కులి' అన్న మాట వినగానే మనకు కూలీ గుర్తుకొస్తుంది. అక్కడ మాత్రం కులి అంటే పొలం ఉన్నవాడు. పొలం ఉంది కాబట్టి దారులు బాగుచేయడం, కాలువలు తవ్వడం, రాత్రి కాపలా, దొరల పనులు అతని మెడకే చుట్టుకునేవి. హక్కూ వెట్టీ ఒకే తాడుకు రెండు కొసలు.

ఊరి పెద్దకూ, మిగతా గ్రామాధికారులకూ జీతం ఉండేది కాదు. పదవిలో ఉన్నంత కాలం సాగు చేసుకోవడానికి ఊరి భూమిలోంచి కొంత ఇచ్చేవారు. దాని పేరు 'బెంకొక్'. మన దగ్గర కరణం, మునసబులకు ఇనాం భూములు ఉండేవి కదా, ఇంచుమించు అలాంటిదే. తేడా ఏమిటంటే మన దగ్గర 1984లో ఆ పదవులే రద్దయ్యాయి. జావాలో బెంకొక్ ఈనాటికీ చాలా ఊళ్ళలో ఉంది. ఊరి పెద్ద ఎన్నికలకు అక్కడ అంత డబ్బు ఎందుకు ఖర్చవుతుందో అర్థం కావాలంటే ఈ భూమిని గుర్తుపెట్టుకోవాలి. 2014 నాటి గ్రామ చట్టం తర్వాత కేంద్రం నుంచి నేరుగా ఊరికి వచ్చే నిధి కూడా తోడైంది. దాంతో ఆ కుర్చీ బరువు ఇంకా పెరిగింది.

1830లో డచ్చి గవర్నరు జనరల్ వాన్ డెన్ బాష్ నిర్బంధ సాగు పద్ధతి తెచ్చాడు. ఊరి భూమిలో ఐదో వంతులో ప్రభుత్వం చెప్పిన నీలిమందో చెరకో వేయాలన్నది కాగితం మీది లెక్క. అసలు భారం చాలా చోట్ల అంతకు మించిపోయింది. ఊరి పెద్దలకు పంట మీద కమిషన్ ముట్టేది. పొలం ఉన్నవాడి మీదే వెట్టి పడుతుంది కాబట్టి, వెట్టి చేసే చేతులు పెంచడానికి అనేక ప్రాంతాల్లో పొలాలను ముక్కలు చేసి ఎక్కువమందికి పంచారు. 'జావా పల్లెలో భూమి అందరిదీ' అని తర్వాతివారు ముచ్చటగా చెప్పుకున్న పద్ధతిలో కొంత భాగం ఇలా పుట్టింది. పంచుకోవడం అనేది ఎప్పుడూ మంచి మనసుతోనే జరగలేదని ఇక్కడ గ్రహించాలి. అయినా అలా పంచుకున్న వాటాలే తర్వాతి తరాలకు ఆధారమయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1960 సెప్టెంబరు 24న భూమి మూల చట్టం వచ్చింది. ఆ తేదీని ఇప్పటికీ రైతు దినంగా జరుపుకుంటారు. జనసాంద్రత ఎక్కువగా ఉన్న చోట మాగాణి పరిమితి 5 హెక్టార్లు అన్నారు. కుటుంబానికి కనీసం 2 హెక్టార్లు ఉండేలా చూడాలన్నారు. కౌలు పాలు ఎలా ఉండాలో చెప్పే చట్టమూ అదే ఏడాది వచ్చింది. ఏడేళ్ళు దాటిన భూమి తాకట్టు అప్పు తీర్చకుండానే యజమానికి తిరిగి రావాలన్న నియమం కూడా రాశారు. ఇవన్నీ అమలు కావాలంటే జావా మాగాణి చాలదన్నది లెక్క తెలిసిన ఎవరికైనా కనిపించే సంగతి. అమలు నత్తనడక నడిచింది. 1963 నుంచి కమ్యూనిస్టు పార్టీ రైతు సంఘం చట్టాన్ని తామే అమలు చేస్తామని పొలాల్లోకి దిగింది. భూస్వాముల పక్షాన మతసంస్థల యువకులు ఎదురు నిలిచారు. ఎన్నో పల్లెలు రెండుగా చీలాయి.

1965 అక్టోబరు తర్వాత ఆ చీలిక నెత్తురుగా మారింది. కమ్యూనిస్టుల మీద, వాళ్ళ పక్షమన్న పేరు పడినవారి మీద సైన్యం అండతో కొన్ని నెలల పాటు సాగిన హత్యాకాండలో దేశమంతటా కనీసం 5 లక్షల మంది చనిపోయారన్నది చరిత్రకారులు ఎక్కువగా అంగీకరించే అంచనా. మధ్య జావా, తూర్పు జావా, బాలి ఘోరంగా దెబ్బతిన్నాయి. పంచిన భూమి చాలావరకు పాత చేతుల్లోకి వెళ్ళిపోయింది. చంపినవాడి పొలమూ చచ్చినవాడి పొలమూ ఒకే గట్టుకు ఇటూ అటూ ఉన్న ఊళ్ళున్నాయి. ఆ గట్టు మీద ముప్ఫై ఏళ్ళకు పైగా ఎవరూ నోరు విప్పలేదు. ఆ తర్వాత పల్లెలో పొలం పని పద్ధతులు మారిపోతున్నప్పుడు పేదలు ఎందుకు ఎదురు తిరగలేదు అని అడిగేవారికి జవాబు ఈ మౌనంలో ఉంది. అడగగలిగినవాళ్ళు అప్పటికే మట్టిలో ఉన్నారు.

వేళ్ళ మధ్య కత్తి

పాత జావా వరి కోతకు వాడిన పనిముట్టు పేరు 'అని-అని'. అరచేతిలో ఇమిడిపోయే చిన్న చెక్క, దాని అంచున బిగించిన చిన్న రేకు. చెక్కను వేళ్ళ మధ్య ఇరికించుకుని, ఒక్కో కంకినీ వేలితో రేకు మీదకు లాగి తెంపుతారు. కంకి కంకికీ ఒక తెంపు. కొడవలి మెరిస్తే దేవి శ్రీ బెదిరిపోతుందని, అందుకే ఆమెకు కనబడకుండా చేతిలో దాచిన కత్తితో కోయాలని పెద్దలు చెప్పేవారు. రైతు లెక్క కూడా ఒకటుంది. పాత వరి రకాలు మనిషి ఎత్తున పెరిగేవి, అన్ని కంకులూ ఒక్కసారి పండేవి కావు, ఊపితే గింజ రాలేది. ఒక్కొక్కటే కోయడమే నష్టం లేని పద్ధతి.

ఈ కోతకు చాలా చేతులు కావాలి, ఆ చేతులన్నీ ఆడవాళ్ళవే. ఎవరి పొలం పండిందని తెలిసినా ఊళ్ళోని ఆడవాళ్ళు వచ్చి కోతలో దిగేవారు. రావద్దనడం మర్యాద కాదు. కోసిన దానిలో వాటాయే కూలి. దాన్ని 'బవొన్' అంటారు. మన కళ్ళాల్లో చాకలి, మంగలి, కమ్మరులకు మేర కొలిచినట్టు, వాళ్ళ కళ్ళంలో కోసినవారికి బవొన్ కొలిచేవారు. దగ్గరివారికి ఎక్కువ పాలు, దూరపువారికి తక్కువ. పొలం లేని విధవరాలికి ఆ ఏడాది గింజలు ఎక్కడినుంచి వస్తాయన్నది ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించనక్కరలేదు. అవి పొలంలోనే ఉన్నాయి. కోతకు ముందు వచ్చే ఆకలి నెలలను 'పచెక్లిక్' అంటారు. ఆ నెలల్లో పక్కవాడి పచ్చని మడి చూసి ఆమెకు కడుపు మండదు, అందులో తన పాలు ఉంది కనుక. ఆ మడిలోకి పశువు దిగితే తోలేది ఆమే, రాత్రి కంకులు దూసుకుపోయేవాడు కనబడితే కేక వేసేదీ ఆమే.

1960ల చివర కొత్త వరి వచ్చింది. ఇక్కడ మనకు నేరుగా సంబంధం ఉంది. 1966లో ఫిలిప్పీన్స్‌లో విడుదలైన ఐఆర్-8కు తల్లిదండ్రుల్లో ఒకటి 'పెతా' అనే పొడుగు రకం, అది ఇండోనేసియాది. రెండోది తైవాన్ పొట్టి రకం. ఆ ఐఆర్-8ను మన దేశంలో మొదటగా పెద్ద ఎత్తున పండించి చూపినవారు పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు. అంటే జావా పొలాల రక్తం మన గోదావరి మళ్ళలోనూ పారింది. పొట్టిగా, గట్టిగా, అంతా ఒక్కసారి పండే ఆ వరికి కంకి కంకికీ తెంపే కత్తి అక్కరలేదు. కొడవలి చాలు. కొడవలి మగవాళ్ళ చేతికి వచ్చింది, కోతకు కావలసిన మనుషుల సంఖ్య తగ్గింది.

దాని వెనకే 'తెబసన్' వచ్చింది. పంట కోతకు వారం ముందు వ్యాపారి వచ్చి గట్టు మీద నిలబడి మడి మొత్తానికి ఒక ధర చెప్తాడు. రైతు ఒప్పుకుంటే డబ్బు చేతిలో పెట్టి, తన సొంత ముఠాతో కోయించుకుపోతాడు. ఊళ్ళోని ఆడవాళ్ళను కోతకు రావద్దనే ధైర్యం రైతుకు లేదు, వాళ్ళు ఇరుగుపొరుగు. వ్యాపారి బయటివాడు కాబట్టి అతను అనగలడు. రైతు తన మొగమాటాన్ని అమ్ముకున్నాడని నాకు అనిపిస్తుంది, అతన్ని తప్పు పట్టలేను. అరెకరం మీద బతికేవాడు బస్తాలు లెక్కపెట్టుకోక ఏం చేస్తాడు? కొన్ని ఊళ్ళలో మధ్యేమార్గం పుట్టింది. నాట్లూ కలుపూ కూలి లేకుండా చేసినవారికే కోతలో వాటా అన్నారు. దీన్ని కెదోకన్ అనీ, చెబ్లోకన్ అనీ అంటారు. ఒకప్పుడు ఊరందరికీ తెరిచి ఉన్న కోత ఇలా కొందరికే మిగిలింది. అదే కాలంలో చిన్న మరమిల్లులు రావడంతో, రోకలి పోట్లతో పూట గడుపుకునే ఆడవాళ్ళ కూలి కూడా పోయింది.

1984 నాటికి ఇండోనేసియా బియ్యంలో స్వయం సమృద్ధి సాధించింది. అది నిజమైన విజయం, ఆకలి చావులు చూసిన తరానికి అది చిన్న విషయం కాదు. కాకపోతే పొలంలో పాలున్నవారి సంఖ్య తగ్గిన కాలం కూడా అదే.

కావడి, ఒడి

పొలం ఎందుకింత చిన్నది? వారసత్వం వల్ల. జావా ఇళ్ళలో ఆస్తి కొడుకులకూ కూతుళ్ళకూ ఇద్దరికీ వెళ్తుంది. ఈ పద్ధతి ఏ శాసనసభా ఇచ్చింది కాదు, తాతల నాటిది. పంపకానికి రెండు పద్ధతులు. ఒకటి 'సెపికుల్ సెగెందొంగన్'. మగవాడు కావడికి రెండు వైపులా రెండు గంపలు మోస్తాడు, ఆడది గుడ్డలో కట్టి ఒక్క గంప వీపున మోస్తుంది. కాబట్టి కొడుక్కు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. రెండోది అందరికీ సమానంగా పంచడం. ఏది పాటించాలన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకుంటారు. తల్లిదండ్రులు బతికుండగానే చాలావరకు పంచేసి, చివరి రోజుల కోసం కొంత అట్టిపెట్టుకుంటారు. వాళ్ళను చూసుకున్న బిడ్డకు, తరచుగా కడగొట్టు బిడ్డకు, ఆ ఇల్లు దక్కుతుంది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించింది 'గొనొ-గిని', విడిపోతే పంచుకోవాలి. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఎవరిది వారిదే. భర్త పోయిన ఆడది వీధిన పడకుండా కాపాడిన పద్ధతి ఇది. దీని మరో కొస ఏమిటంటే తరం తరానికీ మడి సన్నబడింది. 2013 నుంచి 2023 లోపు అర హెక్టారు లోపు భూమి ఉన్న రైతు కుటుంబాలు దేశంలో 1.42 కోట్ల నుంచి 1.69 కోట్లకు చేరాయని అక్కడి వ్యవసాయ గణన చెబుతోంది.

సన్నబడిన కొద్దీ గట్టు విలువ పెరుగుతుంది. జావావారికి ఒక సామెత ఉంది: 'సదుముక్ బటుక్, సన్యారి బుమి'. నుదుటిని వేలితో తాకినా, వేలెడు నేల ఆక్రమించినా ప్రాణం ఒడ్డి పోరాడతామని అర్థం. నుదురు అంటే ఇంటి ఆడవారి గౌరవం. అంత బరువైన వేలెడు నేలకు చాలాకాలం ఉన్న ఆధారం మాత్రం ఊరి కచేరీలో ఒక పాత పుస్తకం. దాన్ని 'లెటర్ సి' అంటారు. నిజానికి అది శిస్తు వసూలు పుస్తకం. ఎవరు శిస్తు కడుతున్నారో రాసుకున్నది కాలక్రమాన ఎవరిది భూమి అన్నదానికి సాక్ష్యమైంది. ఊరి పెద్దకు తెలుసు, పక్క పొలంవాడికి తెలుసు, పుస్తకంలో ఉంది. ఆ మూడూ కలిస్తే హక్కు.

ఆ పుస్తకం ఎవరి బీరువాలో ఉందో వాడి చేతికి అది అధికారమూ ఇచ్చింది. అందుకే 2017 నుంచి ప్రభుత్వం ఊరు ఊరంతా కొలిచి పట్టాలిచ్చే పని ముమ్మరం చేసింది. దేశంలోని 12.6 కోట్ల భూఖండాల్లో 2015 నాటికి పట్టా ఉన్నవి 4.6 కోట్లేనని అప్పటి అధ్యక్షుడు జొకొ విదొదొ పదేపదే చెప్పేవారు. పాత కాగితాలకు 2021లో ఐదేళ్ళ గడువు పెట్టారు. పట్టా మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. బ్యాంకు అప్పు ఇస్తుంది, తమ్ముడు పేచీ పెట్టలేడు. కాకపోతే పట్టాలో ఒక పేరు, ఒక కొలత మాత్రమే పడతాయి. సగం పాలికి చేస్తున్న కౌలుదారు, కోతలో వాటా ఉన్న పొరుగామె, గట్టు మీద గడ్డి కోసుకునే మేకలవాడు ఆ కాగితంలో కనిపించరు. నిన్నటి దాకా ఊరి జ్ఞాపకంలో ఉన్న హక్కు, రాతలోకి ఎక్కనందువల్ల లేనిదైపోతుంది.

ఐదు దెబ్బలు: పశువుల దొంగ

మళ్ళీ రాత్రికి వద్దాం. గస్తీవాళ్ళు కూర్చునే చిన్న పాకలో ఒక బోలు దుంగ వేలాడుతుంది, నిలువునా చీలికతో. అదే 'కెంతొంగన్'. చాలా ఊళ్ళలో దాని భాష ఒకటే. ఒక్కో దెబ్బ కొడితే చావు, రెండేసి కొడితే దొంగతనం, మూడేసి అగ్ని, నాలుగేసి వరద. ఐదేసి కొడితే పశువుల దొంగ. అంతా క్షేమం అని చెప్పే వరసకు 'దొరొ ములుక్' అని పేరు, పైకెగిరే పావురం అని దాని అర్థం. పశువుకు ప్రత్యేకంగా ఒక సంకేతం ఎందుకంటే రైతు నిల్వ సొమ్మంతా అదే. పశుసంపదను 'రజకయ' అంటారు. అది తరచుగా ఇద్దరి సొత్తు: ఒకరు కొనిస్తారు, ఇంకొకరు మేపుతారు, దూడను పంచుకుంటారు. మన పల్లెల్లో పాలికి మేపడం లాంటిదే. గోడ కింద సొరంగం తవ్వి లోపలికి వచ్చే దొంగకు మట్టిలో బొరియ చేసే పురుగు పేరు పెట్టి 'మలింగ్ గాంగ్సిర్' అన్నారు. కన్నపు దొంగ అన్న మాట తెలిసిన మనకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ కాపలా పూర్తిగా ఊరు తనకు తానుగా కల్పించుకున్నది కాదు. పది ఇరవై ఇళ్ళను ఒక పొరుగు సంఘంగా కట్టే పద్ధతిని 1944లో జపాను ఆక్రమణ సైన్యం పెట్టింది, జనం మీద కన్ను వేయడానికి. ఆ సంఘాలే పేరు మారి ఈనాడు ప్రతి వీధిలో ఉన్న 'ఎర్‌తె'లు అయ్యాయి. 1980ల మొదట్లో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం గస్తీని దేశవ్యాప్త పథకంగా మార్చింది. పొరుగువాడిని కాచే కన్నే పొరుగువాడి మీద నిఘా వేసే కన్ను కూడా.

ఆ కన్నుకు భయం పట్టినప్పుడు ఏమవుతుందో 1998లో తూర్పు జావాలోని బన్యువంగి చూసింది. సుహార్తో దిగిపోయిన ఏడాది, ధరలు మండుతున్నాయి, ఎవరి మాట చెల్లుతుందో తెలియని కాలం. చేతబడి చేస్తారన్న అనుమానంతో వందమందికి పైగా హతమయ్యారు. నల్లబట్టల 'నింజా'లు తిరుగుతున్నారన్న పుకారు పుట్టింది. ప్రతి ఊరూ దారికి వెదురు అడ్డం కట్టి రాత్రంతా మేలుకుంది, దారి తప్పి వచ్చిన మతిస్థిమితం లేని మనుషులను నింజాలనుకుని కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. జింపితన్ బియ్యం సేకరించే చేతులు వేరు, ఆ చేతులు వేరు అని చెప్పగలిగితే బాగుండును. వలయం లోపలివారికి ఊరు కోట, వలయం ఎక్కడ ఆగుతుందన్నది ఊరికే వదిలేస్తే బయటివాడికి దిక్కు లేదు.

మనుషుల దొంగతనం కంటే ఈనాటి జావా రైతును ఎక్కువ వేధిస్తున్నది ఎలుక. మధ్య జావాలోని స్రగెన్ జిల్లాలో, దాని పక్కనే తూర్పు జావాలోని ఙవిలో రైతులు మడి చుట్టూ చీలమండ ఎత్తున ఉత్త తీగ లాగి కరెంటు పెట్టారు. తెల్లవారుజామున నీరు చూసుకోవడానికి వచ్చినవారు ఆ తీగకు తగిలి చనిపోయారు. కొందరు పక్క పొలంవారు, కొందరు ఆ తీగ పెట్టినవారే. అడవిపందుల కోసం పెట్టిన తీగలకు మన రైతులు బలైన వార్తలు చదివినవారికి ఈ బాధ కొత్త కాదు. ఒకప్పుడు ఊరంతా కర్రలతో పొలాల్లో దిగి బొరియలు తవ్వి ఎలుకలను కొట్టే సామూహిక వేట ఉండేది, 'గ్రొప్యొకన్'. పిల్లలు పట్నాలకూ హాంకాంగ్, తైవాన్ ఇళ్ళ పనులకూ వెళ్ళిపోయాక కర్ర పట్టే చేతులు తగ్గాయి, ఒంటరి రైతు తీగ వైపు చూశాడు. దెమక్ జిల్లా త్లొగొవెరు ఊరు మాత్రం వేరే దారి వెతికింది. పొలాల మధ్య స్తంభాల మీద చెక్క గూళ్ళు కట్టి గుడ్లగూబలను పెంచింది, వాటిని చంపకూడదని ఊరి కట్టుబాటు చేసింది. గుడ్లగూబకు ఎవరి మడి ఏదో తెలియదు. అందుకే ఆ గూడు ఏ ఒక్కరిదీ కాదు.

పైనుంచి వచ్చే ప్రమాదం

ఊరి పెద్దే దొంగల పక్షాన ఉంటే కెంతొంగన్ ఎవరు మోగించాలి? తూర్పు జావా లుమజంగ్ జిల్లా సెలొక్ అవర్-అవర్ తీరంలో ఇసుక తవ్వకాల వల్ల సముద్రపు నీరు వరి పొలాల్లోకి వచ్చింది. అడ్డుపడిన రైతుల్లో సలిమ్ కన్చిల్ ఒకడు. 2015 సెప్టెంబరు 26న ఒక గుంపు అతన్ని ఇంటి నుంచి లాక్కెళ్ళి, ఊరి కచేరీలో హింసించి, ఆ తర్వాత బయటికి తీసుకెళ్ళి చంపింది. ఆ అక్రమ తవ్వకం వెనక ఉన్న ఊరి పెద్దకు మరుసటి ఏడాది న్యాయస్థానం 20 ఏళ్ళ జైలు విధించింది. పంచాయతీ జరగవలసిన చోట ఆ చిత్రహింస జరగడం గురించి నేను ఎప్పుడు ఆలోచించినా మనసు కుదుటపడదు. 2022 ఫిబ్రవరిలో పుర్వొరెజొ జిల్లా వదస్ ఊళ్ళో ఆనకట్ట కోసం కొండరాయి తవ్వకానికి కొలతలు తీయడానికి వందలాది పోలీసులు దిగారు, 60 మందికి పైగా గ్రామస్థులను పట్టుకుపోయి మరుసటి రోజు వదిలారు. ఆ కొండ తోటల్లో పట్టాలున్నవారు ఉన్నారు. పట్టా ఇచ్చిన చేతికీ, పోలీసును పంపిన చేతికీ దూరం ఎక్కువ లేదు.

నిప్పుకొండ దగ్గర లెక్క ఇంకో రకంగా ఉంటుంది. 2010 అక్టోబరు 26న మెరాపి పేలడం మొదలైంది, నవంబరు 5న భీకరంగా పేలింది. 350 మందికి పైగా చనిపోయారు. శిబిరాలకు చేరిన రైతులు పొద్దున్నే మళ్ళీ కొండెక్కేవారు, ఆవులకు గడ్డి వేయడానికి. అధికారులు ఎంత చెప్పినా వినలేదు. చివరకు ఆ పశువులను ప్రభుత్వమే కొంటానని ప్రకటించవలసి వచ్చింది. అది మొండితనమని పత్రికల్లో రాసినవారు ఉన్నారు. ఆవు పోతే ఆ ఇంటి పదేళ్ళ పొదుపు పోయినట్టేనని, అందులో ఇంకొకరి సగం కూడా ఉందని వాళ్ళు ఆలోచించలేదు.

ఆ అనుభవంతో మగెలంగ్ జిల్లా ఒక పద్ధతి తెచ్చింది. ప్రమాద పరిధిలోని ప్రతి ఊరికీ దూరంగా ఉన్న ఒక ఊరిని తోడబుట్టిన ఊరిగా జత చేశారు. ఏ ఇంటివారు ఎక్కడికి వెళ్ళాలో, ఎవరు ముసలివారో, ఎవరు గర్భిణులో ముందే రాసి పెట్టుకున్నారు. 2020 నవంబరులో మెరాపి హెచ్చరిక స్థాయి పెంచినప్పుడు క్రింజింగ్ ఊరివారు దెయాంగన్‌కు వెళ్ళారు. ముందు ముసలివారు, పిల్లలు, గర్భిణులు. మగవాళ్ళలో చాలామంది పైనే ఉండిపోయారు. పగలు గడ్డి కోసి పశువులకు వేశారు, రాత్రి ఖాళీ ఇళ్ళ చుట్టూ తిరిగారు. ఆ రాత్రుల్లో గుమ్మాల దగ్గర డబ్బాల్లో బియ్యం వేసేవారు ఎవరూ లేరు. గస్తీ మాత్రం ఆగలేదు.